కంపెనీ వేరు, డైరెక్టరు వేరు

ఆ పొద్దున డైరెక్టరుగారి పథకం చాలా చిన్నది. పది గంటలకు హోటలు మేనేజరు వస్తాడు. ఆయన వచ్చేసరికి కొట్టు మీద కొత్త బోర్డు ఉండాలి, బోర్డు కింద కారు ఉండాలి, కౌంటరు వెనక భార్య ఉండాలి, ఆ భార్య నోట మాట లేకుండా ఉండాలి. మొదటి మూడూ అనుకున్నట్టే కుదిరాయి. నాలుగోదాని సంగతి పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మొన్నమొన్నటిదాకా వీధిలో అందరూ ఆయన్ని లాండ్రీ ఆయన అనేవారు. తండ్రి పెట్టిన 'మెరుపు డ్రై క్లీనర్స్'ను ఆయనే నడిపేవాడు. మరకలు తీయడంలో ఆయనంతటివాడు లేడు. చొక్కా జేబు మీద సిరా మరకను చూసి, కలం కారిందో, పిల్లాడు చల్లాడో చెప్పేసేవాడు. ఆ గొప్పతనం అలా ఉండగా, దగ్గర్లోని పెద్ద హోటలు తన దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికే పని కంపెనీలకే ఇస్తాననీ, ఒంటిమనిషి కొట్టుకు ఇవ్వననీ అంది. ఆ పని వస్తేగాని ఆయన కొత్తగా తెచ్చిన పెద్ద ఉతికే యంత్రానికి మేత లేదు. అది సగం గది ఆక్రమించి, రోజుకు నాలుగు ప్యాంట్లూ ఆరు చొక్కాలూ తిని ఊరుకుంటోంది. ఇలాగే ఇంకొన్నాళ్లు సాగితే యంత్రాన్నీ అమ్ముకోవాలి, దాంతోపాటు కొట్టునూ మూసుకోవాలి. అందుకని ఆయన ఆడిటరు దగ్గరికి వెళ్లి కొట్టును ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేయించుకున్నాడు. యంత్రాలు, ఇస్త్రీ బల్లలు, హ్యాంగర్లు, చివరికి బయట వేలాడే బోర్డు కూడా కంపెనీ సొత్తయిపోయాయి. ఆయనకు డైరెక్టరు అన్న మాట మిగిలింది. ఆయనకు అదే ఎక్కువ నచ్చింది.

"ఇక నుంచి మీరు వేరు, కంపెనీ వేరు. చట్టం దృష్టిలో కంపెనీ ఇంకో మనిషి. దానికి చిల్లు పడ్డా మీరు మునగరు," అన్నాడు ఆడిటరు. ఆ తర్వాత ఆయన ఇంకా చాలా చెప్పాడు. లైసెన్సులు మార్చుకోమన్నాడు, బ్యాంకుకు తెలపమన్నాడు, ఇన్సూరెన్సు వాళ్లకు తప్పకుండా చెప్పమన్నాడు. కాని 'మీరు మునగరు' అన్న మాట దగ్గరే డైరెక్టరుగారి చెవులు నిండిపోయాయి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డైరెక్టరు సంగతి ఎదురింటి టీచరమ్మకు ముందుగా తెలిసివచ్చింది. ఆవిడ కోటు ఇస్త్రీలో కాలి, వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో మచ్చ పడింది. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చి అడిగితే, డైరెక్టరుగారు తల ఒక పక్కకు వాల్చాడు.

"అమ్మా, మీ కోటు కాల్చింది కంపెనీ. నేను డైరెక్టరుని మాత్రమే. మనిషిగా నాకూ చాలా బాధగానే ఉంది."

"ఇస్త్రీ చేసింది నువ్వే కదయ్యా! నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"చెయ్యి నాదేనమ్మా. ఇస్త్రీపెట్టె కంపెనీది."

ఆవిడ మళ్లీ మళ్లీ వస్తుంటే, రోజూ చెప్పలేక గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాడు: 'గమనిక. కంపెనీ వేరు, డైరెక్టరు వేరు. కాలిన, చిరిగిన, పోయిన బట్టల గురించి డైరెక్టరును అడగరాదు.'

కంపెనీకి రెండో డైరెక్టరు ఆయన భార్య. రాత్రి భోజనాల దగ్గర కంపెనీ సమావేశం జరిగేది. సబ్బుపొడి కొనాలన్నా తీర్మానం కావాలి. ఆవిడ వడ్డిస్తూ "సరే" అంటే ఆమోదం, గరిటె చప్పుడు గట్టిగా వస్తే వాయిదా. కొత్త బోర్డు తయారయ్యాక పెయింటరు ఒక మాట అన్నాడు. ప్రైవేట్ లిమిటెడ్ అన్న రెండు ముక్కలు చేరేసరికి బోర్డు పాతదానికి రెట్టింపయింది, పాత కొక్కేలు దీన్ని మోయలేవు, గట్టివి కొనండి అని. కొక్కేలు కొనాలన్న తీర్మానానికి భార్య వెంటనే సరే అంది. కాని నాలుగు కొట్లలో ధర కనుక్కోనిదే కంపెనీ ఏదీ కొనకూడదని డైరెక్టరుగారే దాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశాడు. అంతవరకూ బోర్డు పాత కొక్కేలకే వేలాడింది.

"ఏమండీ, ఇన్సూరెన్సు ఇంకా మీ పేరు మీదే ఉంది. కంపెనీ పేరుకి మార్పించారా?" అని కూడా ఆవిడ అడిగింది.

"మీ చెల్లెలి మొగుడే కదా చేయించింది! అతన్నే అడుగు."

చెల్లెలి మొగుడు ఇన్సూరెన్సు ఏజెంటు. డైరెక్టరుగారికి తోడల్లుడు. ఆవిడ అడిగితే నవ్వేశాడు. "పేరుదేముంది వదినా! మనిషి అదే, కొట్టు అదే, గోడలూ అవే. ఇప్పుడు చెబితే ఆఫీసు వాళ్లొచ్చి కొలతలనీ, కొత్త లెక్కలనీ ప్రాణం తీస్తారు. వచ్చే ఏడాది పాలసీ మళ్లీ కట్టేటప్పుడు చూసుకుందాంలే." ఆవిడకు ఆ జవాబు నచ్చలేదు. ఇంకోసారి అడిగింది. అప్పుడూ పేరుదేముందనే అన్నాడు.

ఈ తోడల్లుళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రేమే. కాకపోతే ఒకరు ఒక మెట్టు ఎక్కితే రెండోవారికి నిద్ర పట్టదు. చిన్నవాడు కొత్త కారు కొన్నాడు. పెద్దవాడు డైరెక్టరయ్యాడు. అప్పట్నుంచి చిన్నవాడు అత్తగారింట్లో కాస్త తక్కువగా మాట్లాడుతున్నాడు. అందరూ అతనికి బుద్ధి వచ్చిందనుకున్నారు.

మేనేజరు వస్తున్నాడనగా ముందురోజు డైరెక్టరుగారు అతనికి ఫోన్ చేశాడు. "తమ్ముడూ, రేపొక్క గంట నీ కారు మా కొట్టు ముందు పెట్టు. చూసినవాడు కంపెనీకి కారుందనుకోవాలి."

"నాకేంటి అన్నయ్యా లాభం?"

"హోటలాయనకి నిన్ను పరిచయం చేస్తాను. ఆ హోటల్‌కి ఎన్ని గదులున్నాయో, ఎంత ఇన్సూరెన్సు కావాలో నువ్వే ఊహించుకో."

అతను ఊహించుకున్నాడు. పొద్దున్నే కారు కడిగి తెచ్చి, సరిగ్గా బోర్డు కింద పెట్టాడు.

మేనేజరు సన్నగా ఉన్నాడు. ఎదురుగా ఏది కనిపించినా వేలితో రుద్ది, ఆ వేలును చూసుకునే అలవాటుంది ఆయనకు. కారును రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు.

"కారు మీదేనా?"

"కంపెనీదండీ," అన్నాడు డైరెక్టరుగారు. "వీరు మా ఇన్సూరెన్సు సలహాదారు. లోపలికి దయచేయండి."

నాటకంలో తెర తీసినట్టు ఉండాలని ఆయన షట్టరును సగమే ఎత్తి ఉంచాడు. ఇప్పుడు రెండు చేతులతో దాన్ని ఒక్క తోపు తోశాడు. షట్టరు పైకెళ్లి ధడాలున కొట్టుకుంది. గోడ అదిరింది. ఒక కొక్కెం ఊడింది. 'ప్రైవేట్ లిమిటెడ్' ఉన్న వైపు ముందు దిగి కారు కప్పులో గుచ్చుకుంది. 'మెరుపు' ఇంకో కొక్కేనికి ఒక్క క్షణం వేలాడి, ఒంటరిగా ఉండలేనన్నట్టు అదీ వచ్చి పడింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. కారు కప్పు మాత్రం నానబెట్టిన అట్టపెట్టెలా కుంగిపోయింది.

"నా కారు!" అని తోడల్లుడు పెట్టిన కేకకు వీధి మొత్తం బయటికొచ్చింది.

డైరెక్టరుగారు అతని భుజం చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. "మావాడికి కంపెనీ ఆస్తులంటే సొంతవాటికన్నా ఎక్కువండీ."

"మంచిదే," అన్నాడు మేనేజరు. "ఇన్సూరెన్సు ఉంది కదా?"

"భేషుగ్గా ఉంది!" అన్నాడు డైరెక్టరుగారు. తోడల్లుడు మింగలేక కక్కలేక తల ఊపాడు.

"అయితే వాళ్లను పిలవండి. నేను కూర్చుంటాను. రేపు మా హోటలు దుప్పట్లు మీ దగ్గర పెడతాం. ఏదైనా జరిగితే డబ్బు ఎలా వస్తుందో కళ్లారా చూసి వెళతాను. అది చూశాకే సంతకం."

ఇన్సూరెన్సు ఆఫీసు ఆ వీధి చివరే. అక్కడి ఆఫీసరమ్మ టేపు భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చింది. బోర్డు కొలిచింది, షట్టరు కొలిచింది, పనిలో పనిగా కొట్టంతా కొలిచింది. మేనేజరు కాఫీ తాగుతూ చూస్తున్నాడు.

"ఈ బోర్డు ఎవరిది?"

"కంపెనీది," అన్నాడు డైరెక్టరుగారు.

"కారు?"

ఆయన ఒకసారి మేనేజరు వంక చూశాడు. "అదీ కంపెనీదే."

ఆఫీసరమ్మ కలం మూసేసింది. "అయితే నాతో పనేముంది? మీవల్ల బయటివాళ్లకి నష్టం జరిగితే ఇచ్చే పాలసీ ఇది. మీ బోర్డు మీ కారు మీద పడితే అది మీ ఇంటి గొడవ."

తోడల్లుడు వెనకనుంచి ఆయన నడుము గిల్లాడు. కారు కంపెనీదంటే ఇన్సూరెన్సు రాదు, కాదంటే మేనేజరు ముందు పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గిల్లుడు మరీ ఎక్కువయ్యాక ఆయన నోరు విప్పాడు.

"నిజానికి కారు మా తమ్ముడిదండీ. చూపుకి బాగుంటుందని ఒక గంట పెట్టించాను."

మేనేజరు కౌంటరును వేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు.

"సరే, బయటివాళ్లదే," అంది ఆఫీసరమ్మ కలం మళ్లీ తెరిచి. "ఈ పాలసీ ఒక పెద్దమనిషి పేరు మీద ఉంది. ఆయనెక్కడ?"

"నేనేనండీ."

"ఆయనకి ఇక్కడ కొట్టు ఉందా?"

"ఉండేదండీ. కంపెనీకి ఇచ్చేశాడు." తన గురించి తానే ఊరొదిలి వెళ్లిపోయిన మనిషి గురించి చెప్పినట్టు చెప్పాల్సి వచ్చింది డైరెక్టరుగారికి.

"అంటే పడింది ఆయన బోర్డు కాదు. ఇన్సూరెన్సు ఉన్న పెద్దమనిషికి బోర్డు లేదు. బోర్డు ఉన్న కంపెనీకి ఇన్సూరెన్సు లేదు. నేను ఎవరికివ్వాలి?"

"అదేంటమ్మా! కంపెనీ అంటే ఎవరు? నేనే కదా! ఈ చేతులు నావి, ఈ కష్టం నాది, ఇది మా నాన్న పెట్టిన కొట్టు! కంపెనీ వేరూ నేను వేరూ ఎలా అవుతాం?"

ఆఫీసరమ్మ గోడ వైపు చూసింది. మేనేజరూ చూశాడు. గుమ్మం దగ్గర మూగిన జనం కూడా చూశారు. గమనికను పెయింటరు చాలా శ్రద్ధగా రాశాడు. వీధి అవతలి నుంచి కూడా చదవొచ్చు.

"ఇదే మాట నాకూ చెప్పాడమ్మా!" అంటూ జనంలోంచి టీచరమ్మ ముందుకొచ్చింది. "ఏమయ్యా, అయితే ఇవాళ నువ్వే కంపెనీవా? ఉండు, కోటు తెస్తాను." అని చెప్పి ఆవిడ నిజంగానే ఇంటికి బయల్దేరింది.

కంపెనీ తానే అయితే కోటుకు తనే జవాబుదారీ. తాను కాకపోతే కారుకు ఇన్సూరెన్సు లేదు. డైరెక్టరుగారు దొరికిన మొదటి గడ్డిపోచను పట్టుకున్నాడు.

"పోనీలే తమ్ముడూ, నీ కారుకి విడిగా ఇన్సూరెన్సు ఉంది కదా! అది తీసుకో. అంత పెద్ద సలహాదారువి, ఈపాటికి నీకే తట్టాలి."

తోడల్లుడికి పొద్దుట్నుంచి కడుపులో ఉడుకుతున్నదంతా ఒక్కసారి పొంగింది. "ఇందాకట్నుంచి సలహాదారు, సలహాదారు! ఏంటన్నయ్యా అది? నీ ఒక్కడికే కంపెనీ ఉందనుకుంటున్నావా? పోయిన నెల అదే ఆడిటరు దగ్గర నేనూ పెట్టాను. అత్తగారింట్లో అందరి ముందూ చెబుదామని ఆగాను. నువ్వు డైరెక్టరువే! నేను మేనేజింగ్ డైరెక్టర్ని! ఆ మాటకొస్తే ఈ కారు కూడా నాది కాదు, మా కంపెనీది!"

అన్నాక చాలా హాయిగా అనిపించింది అతనికి. ఆ హాయి ఎక్కువసేపు నిలవలేదు.

"కారుని కంపెనీ పేరుకి రాయించారు, బాగుంది," అంది ఆఫీసరమ్మ. "కారు ఇన్సూరెన్సు ఎవరి పేరు మీద ఉంది?"

తోడల్లుడు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

అంతవరకూ పథకం ప్రకారం నోరు మెదపకుండా కూర్చున్న డైరెక్టరుగారి భార్య కౌంటరు వెనకనుంచి మెల్లగా అంది. "పేరుదేముంది మరిదిగారూ!"

మేనేజరు కాఫీ కప్పు కింద పెట్టాడు. "డైరెక్టరుగారూ, ఒక్క మాట చెప్పండి. మా దుప్పట్లు రేపు ఇక్కడ కాలిపోతే నేనెవరిని అడగాలి?"

డైరెక్టరుగారు నోరు తెరిచాడు. నెల రోజులుగా ఆ ప్రశ్నకు ఆయన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు గోడ మీద అందరికీ కనిపిస్తూనే ఉంది. నోరు మూసుకున్నాడు. వెనక పెద్ద యంత్రం ఖాళీ నోరు తెరుచుకుని ఉంది. దాన్ని చూస్తే ఆయనకు ఏడుపొచ్చింది.

"ఇవాళైతే ఎవర్నీ అడగలేరండీ," అంది భార్య లేచి నిలబడి. "ఈ పూట ఈ కొట్టుకి ఇన్సూరెన్సు లేదు. కారు మాది కాదు. మరకలు మాత్రం మా ఆయన నిజంగానే తీస్తారు. ఇన్సూరెన్సు కంపెనీ పేరుకి మారాక కబురు చేస్తాం. మీకు నమ్మకం కలిగితే అప్పుడే దుప్పట్లు పంపండి. ఆఫీసరుగారూ, పేరు మార్చడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"మామూలుగా అయితే మావాళ్లు వచ్చి కొట్టంతా చూసుకోవాలి, పది పదిహేను రోజులు. మీదెలాగూ ఇందాకే మొత్తం కొలిచేశాను కదా. మార్పుకయ్యే డబ్బు కట్టేస్తే సాయంత్రానికి అయిపోతుంది. కాని ఇవాళ సాయంత్రం నుంచే. పొద్దున పడింది పడిందే."

మేనేజరు లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, ఆఫీసరమ్మ వైపు తిరిగాడు. గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మా, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఒక హోటల్‌ని అన్నదమ్ములిద్దరు కలిసి నడిపేవాళ్లనుకోండి. తర్వాత దాన్ని కంపెనీ చేశారనుకోండి..."

"ఇన్సూరెన్సు?"

"అన్నదమ్ముల పేరు మీదే ఉందనుకోండి."

"అనుకోవడం ఎందుకండీ," అంది ఆఫీసరమ్మ. "ఆ హోటలు ఎక్కడో చెప్పండి, టేపు తీసుకుని వస్తాను."

మేనేజరు ఆ మాట వినడానికి అక్కడ లేడు. అంత సన్నటి మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని వీధిలో ఎవరూ అనుకోలేదు.

జనం వెళ్లిపోయారు. బోర్డును నలుగురు పట్టి గోడకు ఆనించారు. హోటలు పని పోయినట్టేనని డైరెక్టరుగారికి అర్థమైంది. కాసేపు స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి, ఎవరూ చెప్పకుండానే తడిబట్ట తీసుకుని గోడ మీది గమనికను తుడవడం మొదలుపెట్టాడు. పెయింటు గట్టిది. మరకలు తీయడంలో అంతటివాడికీ మధ్యాహ్నం దాకా పట్టింది. టీచరమ్మ కోటు తెచ్చి ఇస్తే, కొత్త కోటు కొనిస్తానన్నాడు.

"ఎవరు కొనిస్తారు? నువ్వా, కంపెనీయా?" అందావిడ అనుమానంగా.

"నేనేనమ్మా. కాల్చింది నేనే."

భార్య ఆ మాట విన్నది. ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్లి డబ్బు కట్టి, కంపెనీ పేరుతో పాలసీ మార్పించుకుని వచ్చింది. మేనేజరుకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది కూడా. ఆయన "ఆఁ, ఆఁ" అని పెట్టేశాడట.

చీకటి పడకముందే కొట్టు ముందు హోటలు వ్యాను ఆగింది. దాని వెనక ఇంకోటి. దుప్పట్లు దిగాయి, తువ్వాళ్లు దిగాయి, కర్టెన్లు దిగాయి. వాటిలో సగం అప్పటికే ఉతికి మడత పెట్టినవి. డైరెక్టరుగారు ఒక దుప్పటి మడత విప్పి, వెలుతురులో పెట్టి చూశాడు. ఒక్క మరక లేదు.

"ఇవి శుభ్రంగానే ఉన్నాయి కదండీ?" అని మేనేజరుకు ఫోన్ చేశాడు.

"ఉండనివ్వండి," అన్నాడు మేనేజరు నీరసంగా. "మా హోటలంతా కొలిచేసరికి పదిహేను రోజులు పడుతుందట. అంతవరకూ మా గోడల మధ్య ఉన్నదేదీ ఇన్సూరెన్సు లెక్కలో లేనట్టే. నాకు తెలిసి ఇవాళ్టికి ఇన్సూరెన్సు సరిగ్గా ఉన్న చోటు మీదొక్కటే. ఒప్పందం మీద సంతకం పెట్టి పంపుతున్నాను. పొద్దున కౌంటరు వెనకనుంచి మాట్లాడిన డైరెక్టరుగారికి ఇవ్వండి."

ఆ రాత్రి సమావేశంలో కొక్కేల తీర్మానం ధరలు కనుక్కోకుండానే నెగ్గింది. మర్నాడే గట్టి కొక్కేలు వచ్చాయి. వాటికి 'ప్రైవేట్ లిమిటెడ్' లేని పాత బోర్డునే తగిలించారు. యంత్రం పొద్దస్తమానం తిరగసాగింది. డైరెక్టరుగారికి ఇస్త్రీ బల్ల దగ్గర తల ఎత్తే తీరిక లేదు.

ఇక మిగిలింది కారు. చెల్లెలి మొహం చూసి అక్కే తీర్పు చెప్పింది. బాగుచేయించే ఖర్చులో సగం మెరుపు కంపెనీ ఇస్తుంది. పేరుదేముందన్నందుకు మిగిలిన సగం మరిదిగారే పెట్టుకోవాలి, దానికి బదులుగా ఏడాదిపాటు బట్టలు ఊరికే ఉతికి పెడతారు. తోడల్లుడు ఒప్పుకున్నాడు గాని, ఒప్పందం మనుషుల మధ్య ఉంటే తన హోదాకు తక్కువన్నాడు. రెండు కంపెనీల మధ్య ఉండాలని పట్టుబట్టి, తనే కూర్చుని రాసి, మేనేజింగ్ డైరెక్టరునని సంతకం చేశాడు.

మరుసటి ఆదివారం అతను చొక్కాలూ ప్యాంట్లూ పెద్ద మూట కట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. వదినగారు మూట విప్పి, ఒక్కొక్కటే దులిపి చూసి, మళ్లీ మడిచి మూట కట్టేసింది.

"ఇవి మీ బట్టలు కదా మరిదిగారూ. కంపెనీ బట్టలు తీసుకురండి, ఉతుకుతాం."